శ్రమ, ఓర్పు, నిరీక్షణ : ఒంగోలు క్రైస్తవ సంఘము (1866–1878)

శ్రమ యను మాట తెలుగునాట క్రైస్తవుల నోట నొక విధముగను, తక్కినవారి నోట వేఱొక విధముగను అర్థమిచ్చును. ‘మీకు శ్రమ కలిగించితిని’ అని మర్యాదకు చెప్పునప్పుడు స్వల్పమైన ప్రయాస మన యుద్దేశము. కూలివాని శ్రమ యన్నప్పుడు దేహకష్టము. క్రైస్తవుల వ్యవహారమున శ్రమ యనగా విశ్వాసము నిమిత్తము మనుష్యు డనుభవించు బాధ; ‘సిలువ శ్రమలు’, ‘శ్రమకాల దినములు’ అను ప్రయోగములు ఇట్టివి. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక యైదవ అధ్యాయమున శ్రమతో మొదలై, ఓర్పు, పరీక్షల మీదుగా నిరీక్షణకు చేరు నొక సోపానక్రమము కలదు. నిరీక్షణ మనకు ఎదురుచూచుట మాత్రమే. బైబిలు తెలుగున అది ఆశకు పర్యాయమైనది. ఇవి నేడు వాడుకలోనున్న అనువాదమునందలి మాటలు. వీని యర్థచ్ఛాయలు నిఘంటువులలో కంటె 1876–78 నాటి కఱవులో ఒంగోలు ప్రాంతమున జరిగిన సంగతులలో స్పష్టముగ కానవచ్చునని నా యభిప్రాయము. అచ్చట కూలివాని శ్రమయు విశ్వాసి శ్రమయు ఒకే కాలువగట్టున కలిసికొన్నవి.

ఆ సంగతులను గూర్చి ప్రచారములోనున్న మాట వేఱు. కఱవున అన్నము కొఱకు వేలకొలది జనులు మతము మార్చిరని దాని సారాంశము. చదువుకొన్నవారు సైత మీ మాటను విచారింపకయే పలుకుదురు. ఇది విచారింపదగినది.

అమెరికా బాప్టిస్టు సంఘమువారి తరఫున శామ్యూల్ డే తెలుగుదేశమునకు 1836లో వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. పాతికేండ్లు గడచినను ఫలితము అత్యల్పము. ఈ కేంద్రమును మూసివేయుదమా యను చర్చ అమెరికాలో ఒకటికి రెండుమార్లు జరిగెను. 1853 నాటి చర్చ సందర్భమున శామ్యూల్ స్మిత్ అను కవి దీనిని ఒంటి నక్షత్రముగ భావించి పద్యము వ్రాయగా ఆ పేరే స్థిరపడెను. 1854 జనవరి 1వ తేదీ వేకువను జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు క్రైస్తవులతో ఒంగోలు కొండనెక్కి ప్రార్థించిరి. అది నేటికిని ప్రార్థన కొండయే. ఈ దొరల ఓర్పును గూర్చి అమెరికాలో విశేషముగ వ్రాసికొనిరి, పాడుకొనిరి. అది మెచ్చదగినదే. కాని అంతకన్న గొప్ప ఓర్పు నాకు వేఱొకచోట కనబడుచున్నది.

అది ఎఱ్ఱగుంట్ల పేరయ్య వంటివారిది. ఈయన మాదిగ, తోళ్ల వ్యాపారి. క్రైస్తవమును వినుటకు ముందే రాజయోగ సంప్రదాయమున గురుశుశ్రూష చేసి, ధ్యానము నభ్యసించినవాడు. తోళ్లకై ఉత్తరమునకు పోయినపుడు ఏలూరున మిషనరీల బోధ విని, 1866లో బాప్తిస్మము పొందెను. ఆ యేడే జాన్ క్లౌ ఒంగోలున కాపురము పెట్టెను. 1867 జనవరి 1వ తేదీన అచ్చట సంఘ మేర్పడినపుడు సభ్యులు ఎనిమిదిమంది. అదే నెలలో ఒంగోలుకు పడమటనున్న తాళ్లకొండపాడున, పేరయ్య బోధించి సిద్ధపఱచిన యిరువది యెనమండుగురు బాప్తిస్మము పొందిరి. క్లౌ వచ్చి వారికి విశ్వాసము కలిగించెననుట కంటె, విశ్వాసము కలిగినవారు క్లౌను పిలిపించుకొనిరనుట సత్యమునకు దగ్గఱ. పేరయ్య యోగము నెఱిగినవాడు గనుక సాధన యన నేమో, సాధనకు కాలము పట్టుననియు ముందే యెఱుగును. మిషను చరిత్రకారు లీ సంగతిని చెప్పియు దానికి తగిన విలువ నీయలేదు.

క్రొత్తగా చేరినవారికి విధింపబడిన నియమములు మూడు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. దూరమున నుండి చూచువారి కివి మతాచారములుగ మాత్రమే తోచును. గ్రామమున నిలిచి చూచిన వీని బరువు తెలియును. నాటి గ్రామమున మాదిగ చెప్పులు కుట్టవలెను, కపిలకు తోలుబాన సిద్ధము చేయవలెను, పిలిచినపుడు వెట్టికి పోవలెను, జాతరకు డప్పు వాయింపవలెను. ఇందులకు ప్రతిఫలముగ కళ్లమున నింత ధాన్యపు మేర, చచ్చిన పశువు. ఆదివారము పని మానుట యనగా కోతల కాలమున రైతునకు ‘రాను’ అని చెప్పుట. తరతరములుగ నోరెత్తని పాలేరు మాట కాదది. చచ్చిన పశువును విడుచుట యనగా ఆకలినాటి ఆధారమును తమంత తాము వదలుకొనుట. విగ్రహపూజ మానినవాడు జాతరలో డప్పు కొట్టడు. డప్పు లేక జాతర సాగదు. మూడు నియమములును మూడు వైపులనుండి గ్రామవ్యవస్థను కదలించినవి. గ్రామపెద్దలు ఊరకుండలేదు. కొట్టిరి, పని మాన్పించిరి, బావులకు రానీయలేదు. కఱవునకు పదేండ్ల ముందే ఈ సంఘము శ్రమలో పుట్టి శ్రమలో పెరిగినది. అన్నముకొఱకు చేరినవారను వాదమునకు మొదటి సమాధాన మిది: తొలి దశాబ్దిలో ఈ మతమున చేరుట యనగా ఉన్న అన్నమును పోగొట్టుకొనుట.

1876లో వానలు లేకపోయెను. మఱుసటి యేడు మద్రాసు రాజధాని యంతటను కఱవు భీకరమయ్యెను. 1877 జనవరిలో భారత ప్రభుత్వమువారి ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ కఱవుపని చేయు మగవానికి దినమునకు పౌను ధాన్యము, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ ఇది దేహమును నిలుపజాలదని వాదించి, కొన్ని నెలలకు ఆ కొలతను పెంచునట్లు చేసెను. ఖజానా లెక్కయు కడుపు లెక్కయు వేఱని చెప్పిన యా వైద్యుని పేరు మనవారు మఱవకుండుట మంచిది.

మద్రాసునుండి కృష్ణా డెల్టా వఱకు తీరము వెంట బకింగుహాము కాలువను కలుపు పని ఈ కఱవులో సాగినది. క్లౌ యౌవనమున అమెరికాలో భూమి సర్వే చేసిన యనుభవము గలవాడు. ఆయన సుమారు మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుకు తీసికొనెను. ఇతర పనిచోట్ల మేస్త్రీల చేతిలో మాదిగలు పడిన ఇక్కట్లు ఇందులకు కారణము. తన పాలెములో కూలీలను దండులుగ విభజించి, ఒక్కొక్క దండునకు ఒక తెలుగు బోధకుని పైవిచారణకు నిలిపెను. పగలు త్రవ్వకము, మధ్యాహ్నము విశ్రాంతివేళ కొంత బోధ. ప్రయాసపడి బరువు మోయువారిని క్రీస్తు తనయొద్దకు పిలిచిన మత్తయి సువార్త వాక్యమునే జనులు మఱిమఱి చెప్పించుకొనిరట. ఇందు వింత లేదు. తట్ట తలమీదనుండి దింపి కూర్చున్నవానికి ఆ వాక్యమున ఉపమాలంకారము కనబడదు. ప్రయాస తన ప్రయాసయే, బరువు తన బరువే. వ్యాఖ్యాతలు పుటలకొలది వివరించు వాక్యమునకు ఆ గట్టుమీద వ్యాఖ్యానమే యక్కఱలేకపోయినది. చుట్టును విషూచి వ్యాపించుచుండెను. నిన్న పక్కన త్రవ్వినవాడు నేడు లేడు.

ఇక మనము విచారింపవలసిన ముఖ్యవిషయము. ఈ కాలమంతయు బాప్తిస్మములు నిలిపివేయబడినవి. సుమారు పదునైదు నెలలు ఎందఱు వచ్చి యడిగినను క్లౌ అంగీకరింపలేదు. లండనున సేకరింపబడిన మేన్షన్ హౌస్ నిధి సొమ్ము ఆయన చేతిమీదుగ పంచబడుచుండగా, పంచినచోటనే మతమిచ్చుట తగదని ఆయన తలంపు. సహాయము సాగినన్నాళ్లు మతము లేదు. మతము లభించునాటికి సహాయము ముగిసినది. విమర్శకులు ఈ క్రమమును తలక్రిందులు చేసి చెప్పుచున్నారు.

అయినను, కఱవునకును ఈ మతప్రవేశమునకును సంబంధమే లేదని క్లౌ పక్షమువారు వాదించిన నేనంగీకరింపను. పిల్లలు చచ్చుచుండగా చేయిచ్చినవారిని జనులు మఱవరు. మఱవకుండుట పాపము కాదు. ఆకలిగొన్నవాని భక్తి కల్తీయనియు, కడుపు నిండినవాని భక్తియే శుద్ధమనియు నిర్ణయించు అధికారము మన కెవరిచ్చిరి? అడుగవలసిన ప్రశ్న ఇది: ఆకలి తీఱిన పిదప వారేమి చేసిరి?

1878 జూనులో వారు మఱల వచ్చిరి. క్లౌ వారితో డబ్బు అయిపోయినదనియు, ఇక సహాయ ముండదనియు స్పష్టముగ చెప్పెను. సహాయ మక్కఱలేదనియు, తాము పని చేసినవారమని చేతులమీది పొక్కులే సాక్ష్యమనియు, రాబోవు పంటయు పోయినచో చత్తుముగాని క్రైస్తవులమై చావగోరుదుమనియు వారు బదులు పలికినట్లు ఆయన వ్రాసెను. ఆ మాటలు మనకు ఆంగ్లమున మాత్రమే దక్కినవి; అమెరికాలోని దాతలు చదువుటకు వ్రాయబడినవి గూడ. తెలుగు చదువుకొన్నవానికి ఇది తీఱని లోటు. ఆ దినమున వారు చేతులు చాపి ఏ మాట పలికిరి? ఆంగ్లపదమునకు సరిపడు తెలుగు బొబ్బ. కాని నెలల తరబడి గడ్డపాఱ పట్టిన చేతికి బొబ్బలు నిలువవు. మన పలుకుబడిలో అట్టి చేతులు ‘కాయలు కాచిన’ చేతులు. బొబ్బ మొదటినాటి నొప్పి. కాయ ఆ నొప్పికి అలవడిన చర్మము. శ్రమకును ఓర్పునకును గల భేదము ఇంతకన్న దగ్గఱగ చూపు మాటలు నాకు తోచుటలేదు.

బాప్తిస్మములు ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లిలో జరిగినవి. జూలై 3వ తేదీ యొక్కనాడే 2222 మంది. క్లౌ నీటిలో దిగలేదు. ఆఱుగురు తెలుగు బోధకులు ఇద్దఱిద్దఱు చొప్పున వంతులు మార్చుకొనుచు దినమంతయు ఆ పని నడపిరి. ఎండవేళ కొంత విరామ మిచ్చి మఱల మొదలిడిరి. సంవత్సరము ముగియునప్పటికి బాప్తిస్మము పొందినవారు 9606 మంది. పన్నెండేండ్ల క్రిందట ఆ సంఘమున సభ్యులు ఎనిమిదిమంది. కాలువ త్రవ్వకము ముగించిన జనము ఇప్పుడు తమ తమ పల్లెలకు తిరిగిపోయి, ఆదివారము పనికి రామని అదే రైతులకు చెప్పవలసియుండెను.