ఎయిడ్స్ – తెలుగు సంఘము: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

1981 జూన్‌లో లాస్ ఏంజిలిస్ నగరములో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకినదని వెలువడిన నివేదికతో ఎయిడ్స్ చరిత్ర గ్రంథస్థమైంది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు దానికి కారణమైన వైరస్‌ను కనుగొన్నారు. మన దేశములో 1986లో మద్రాసు వైద్య కళాశాలకు చెందిన డా. సునీతి సొలొమోను మార్గదర్శకత్వములో విద్యార్థిని నిర్మల సేకరించిన రక్త నమూనాలలో ఇది మొదట బయటపడింది. ఆ నమూనాలను పరీక్షించినది వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే. అనగా ఈ చరిత్ర తొలి పుటలోనే మిషను ఆసుపత్రి ఉన్నది. తరువాతి పుటలలో సంఘము ఎక్కడ ఉన్నదన్నదే మన ప్రశ్న.

వైద్య ప్రభావము

హెచ్.ఐ.వి. శరీరమునకు రక్షణనిచ్చే సి.డి.4 కణములను నశింపజేస్తుంది. అప్పుడు క్షయ వంటి వ్యాధులు దాడిచేసి ప్రాణము తీస్తాయి. 1996 ప్రాంతములో మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది గాని, దాని ఖరీదు సంవత్సరమునకు పదివేల డాలర్లకు పైమాటే. 2001లో భారతీయ సంస్థ సిప్లా అవే మందులను పేదల కొరకు 350 డాలర్లకు ఇవ్వజూపింది. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము వీటిని ఉచితముగా ఇవ్వనారంభించింది. వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రములకు మొదటి ప్రాధాన్యమిచ్చారు. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నేడు క్రమముగా మందులు వాడుతూ, పరీక్షలో వైరస్ కనబడని స్థితికి చేరినవారి నుండి లైంగిక సంబంధము ద్వారా అది ఇతరులకు సోకదు.

మానసిక ప్రభావము

మందు వచ్చినంత వేగముగా భయము పోలేదు. 1990వ దశకము చివరలో మేము కాపరిగా ఉన్న ఒక గ్రామ సంఘములో లారీ డ్రైవరైన సహోదరుడు ఈ వ్యాధితో మరణించాడు. ఆయన భార్య ప్రభువు బల్లకు వచ్చినప్పుడు, ఆమెకు పాత్ర చివరిగా ఇవ్వాలని పెద్దలు కోరారు. మేము ఒప్పుకొన్నాము. పాత్ర ద్వారా, ఉమ్మి ద్వారా ఈ వ్యాధి అంటదని వైద్యులు అప్పటికే చెప్పియున్నారు. మేము అడిగి తెలుసుకోలేదు. ఆమె మరల ఆ గుడి మెట్లు ఎక్కలేదు. వ్యాధి ఆమె భర్తను తీసుకొనిపోగా, ఆమెను సంఘమునకు దూరము చేసినది మేమే.

ఆర్థిక ప్రభావము

ఈ వ్యాధి ఎక్కువగా సంపాదించు వయస్సులోని వారికే సోకింది. మొదట వైద్యమునకు నగలు, తరువాత పొలము అమ్ముడుపోయేవి. పిల్లలు బడి మాని కూలికి పోయేవారు. ముసలి తాతామామ్మలు మరల పిల్లల పెంపకమునకు పూనుకొనవలసి వచ్చేది. ఆదాయము పడిపోవుట, వైద్య వ్యయము పెరుగుట, భర్త ఆస్తిలో విధవరాండ్రకు వాటా దక్కకపోవుట 2006లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనములో నమోదైనవి. ఉద్యోగము, విద్య, వైద్యము, నివాసము విషయములలో వివక్షను నిషేధించు చట్టము 2017లో వచ్చి, 2018 సెప్టెంబరులో అమలైంది.

సంఘము నేర్వవలసినది

నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో 1915లో వెస్లియన్ మిషనరీలు కుష్ఠురోగుల కొరకు ఆశ్రమము స్థాపించారు. ఆనాడు ఆ వ్యాధికి సరియైన మందు లేదు. అయినా వారు రోగిని దగ్గరకు తీసిరి. మన కాలములో మందు ఉన్నది, చేయి చాచుటకే వెనుకాడితిమి. మార్కు సువార్త మొదటి అధ్యాయములో ప్రభువు కుష్ఠురోగిని ముట్టుకొనుట శుద్ధి జరిగిన తరువాత కాదు, దానికి ముందే.

ముగింపు

కావున కాపరులమైన మనము మూడు పనులు చేయవలెను. మనకు చెప్పిన సంగతిని రహస్యముగా ఉంచవలెను. మందులు మానకుండునట్లు రోగికి తోడుగా ఆసుపత్రికి వెళ్లవలెను. పాత్రను అందరికీ అందించినట్లే, ఆమె వంతు వచ్చినప్పుడు ఆమెకు అందించవలెను. మూడవది అతి సులువు. మేము తప్పిపోయినది అందులోనే.