నడుముకు నంబరు పడింది

బారసాల నాడు బిడ్డకు కట్టే మొలతాడు నగో, ఆచారమో అనుకుంటాం. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు అమ్మమ్మలకు మాత్రం అది కొలత కూడా. తాడు జారితే పిల్లాడు చిక్కాడని, ఒరుసుకుంటే ఒళ్ళు చేశాడని ఇట్టే పసిగట్టేవారు. ఆడపిల్లకైతే వెండి సిగ్గుబిళ్ళ దానికే వేలాడేది.

పెద్దయ్యాక గోచీకి అదే ఆధారం. మొలలోతు కొల్లేటి నీళ్ళలో వల లాగేవాడికి అంతకు మించిన గుడ్డ అడ్డమే. రైతు పంచెకైనా ఇల్లాలి చీరకైనా నడుము చుట్టుకొలతతో పనిలేదు. నేతగాడు చూసేది బట్ట పొడవును, మూరల్లోనో గజాల్లోనో. మనిషి లావెక్కితే కుచ్చిళ్ళు నాలుగు తగ్గేవి, అంతే! పైగా చుట్ట, చిల్లర, తాళంచెవి దోపుకోవడానికి రొంటి ఉండనే ఉంది. కుట్టుకూలి లేని జేబు అది.

నడుముకు చుట్టి ముడివేసే ఈ పద్ధతి ఎంత పాతదో అమరావతి స్తూపం శిల్పాలు చెబుతాయి. వాటిలో చాలా ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. సుమారు 2000 ఏళ్ళ నాటి ఆ పలకల మీద స్త్రీల నడుములకు పూసల పేటల మేఖలలు, పురుషులకు ముడివేసిన నడికట్లు. కచ్చితమైన కొలత కోరింది ఒక్క బిగువైన వడ్డాణమే. తల్లిది కూతురికి పట్టకపోతే కంసాలి దగ్గరికి పరుగే. ఇప్పటి వడ్డాణాలకు వెనక గొలుసు, కొక్కేలు వచ్చింది అందుకే.

కుట్టుమిషనుతో టేపు వచ్చింది, ప్యాంటుతో నడుముకు నంబరు పడింది. 1956 చట్టంతో దేశం మీటర్లకు మారినా దర్జీ నోట ఇంకా అంగుళాలే. ఆడవాళ్ళు టేపుకూ పూర్తిగా లొంగలేదు. ఆది జాకెట్టు ఇచ్చి, ‘దీనికి అరంగుళం వదులు పెట్టు’ అంటే సరిపోతుంది.

రెడీమేడ్‌కు ఆది జాకెట్టు ఉండదు. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ 1939–40లో దాదాపు 15,000 మంది స్త్రీలకు, ఒక్కొక్కరికి 59 కొలతలు తీసింది. మన దేశంలో అలాంటి పనిని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ ఎంతో ఆలస్యంగా తలకెత్తుకుంది. హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో 25 వేల మందిని స్కానర్లతో కొలవాలన్నది ప్రణాళిక. పల్లె నడుములు అందులో ఎక్కడున్నాయో మరి!

ఆ పల్లెల్లోకి టేపు డాక్టరు చేతిలో వచ్చింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 30 ఏళ్ళు దాటిన 4,500 మందికి పైగా పరీక్షిస్తే, నూటికి 13 మందికి మధుమేహం ఉన్నట్టు 2006లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పొట్ట చుట్టూ చేరే కొవ్వుకూ ఈ జబ్బుకూ దగ్గరి చుట్టరికం. అమెరికా నిపుణులు 2001లో నడుము చుట్టుకొలతకు మగవారికి 102, ఆడవారికి 88 సెంటీమీటర్లు హద్దుగా పెట్టారు. దక్షిణాసియా వారికి 2005లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య పెట్టిన హద్దు 90, 80 మాత్రమే.

ప్యాంటు నంబరు చూసి మురిసిపోకండి, అది బొడ్డు కిందికి జారిన కొలత. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూసుకోండి.