పారాథైరాయిడ్ గ్రంథులు

కంఠమునందలి థైరాయిడ్ గ్రంథికి వెనుకప్రక్కన సామాన్యముగా నాలుగై యుండి, ఒక్కొక్కటి కందిగింజకన్న మించని యీ గ్రంథులు, నాళములతో పనిలేక తమ హార్మోనును నేరుగ రక్తమున విడిచి, నూరు మిల్లీలీటర్ల రక్తరసములో సుమారు 9 మొదలు 10.5 మిల్లీగ్రాముల వరకు నుండవలసిన కాల్షియమును ఆ మేర దాటనీయక నిలుపుచున్నవి.

1849లో లండను జంతుప్రదర్శనశాలలో మరణించిన భారతీయ ఖడ్గమృగమును కోసి పరీక్షించిన రిచర్డ్ ఓవెన్ వీనిని మొదట గాంచెను. మనుష్యశరీరమునం దివి కలవని 1880లో ప్రకటించిన ఐవార్ శాండ్‌స్ట్రోమ్, వీనిని కనుగొన్ననాటికి ఉప్సాలాలో వైద్యవిద్యార్థి మాత్రమే. పండితలోక మాతని మాట చాలకాలము చెవినిబెట్టలేదు. ఇవి తొలగింపబడినచో కండరములు కొంకర్లుపోవుటకు హేతువు రక్తమున కాల్షియము తరుగుటయేయని 1909లో మక్కల్లమ్, వోగ్ట్లిన్‌లు తెలిపిరి. 1925లో కాలిప్ వీని హార్మోను సారమును వెలికిదీసెను.

రక్తమున కాల్షియ మించుక తగ్గినంతనే ఈ హార్మోను హెచ్చి, ఎముకలనుండి దానిని కరగించి తెచ్చును. మూత్రమున పోనీయక మూత్రపిండములచే నిలుపించును. విటమిన్ డిని చురుకుపరచి, ప్రేగులు ఆహారమునుండి మరింత గ్రహించునట్లు చేయును. రక్తమునకై యెముకను వ్యయపరచుటకు వెనుదీయని యీ స్వభావమే నల్లగొండ సీమలో అనర్థహేతువైనది.

ఆ సీమ మెట్టభూములలో జొన్నరొట్టె తరతరములుగా ఆహారమైయుండెను. నల్లగొండ పల్లెల బావినీటిలోనో, రాతినుండి దిగిన ఫ్లోరైడు మెండు. అది యెముకలో చేరి అందలి సున్నమును కరగని రూపమున బంధించుటచే, ఆహారమున కాల్షియము చాలనివారి గ్రంథులు మరింత హార్మోను స్రవించి యెముకను ఇంకను తొలుచును. జొన్న ప్రధానాహారముగాగల బీదకుటుంబముల యౌవనులకు మోకాళ్ళు లోనికి వంగి ఒండొంటిని ఒరసికొనుటను హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్’ పత్రికయందు వర్ణించిరి. అట్టి రోగుల రక్తమున ఈ హార్మోను హెచ్చియున్నదని 1976లో శివకుమార్, కృష్ణమాచారి చూపిరి. ఇందు గ్రంథిని నిందింప పనిలేదు. అది తన విధినే నెరవేర్చినది, దోషము నీటిది.

ఆ నీటిని శుద్ధిచేయుటకై నాగపూరు పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించిన పద్ధతి నల్లగొండ పేరిటనే ప్రసిద్ధమైనది: పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి కలియబెట్టి, మడ్డి దిగిన పిమ్మట తేటను తీసికొందురు. అప్పటికే వంగిన యెముకలను మాత్ర మది సరిచేయజాలదు. వానికి శస్త్రచికిత్స యవసరము కావచ్చును.