పుండు, రాచపుండు

తెలుగువారు క్యాన్సరును చాలకాలము రాచపుండు అని పిలిచిరి. కడుపులో పుండున్నదని వైద్యుడు చెప్పగనే అది రాచపుండుగా మారునేమో యని రోగి బెదరుటకు ఈ మాట కూడ కొంత కారణమై యుండును. ఈ భయములో నిజమెంత?

మంజీరపై 1923లో ఆరంభమైన నిజాంసాగరు 1931లో పూర్తియైనది. దాని కాలువల క్రింద నిజామాబాదు, బోధను నేలలు వరికిని చెరకునకును వచ్చినవి. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసి, 2015 వరకు నడచినది. ఆ కాలములో అధికభాగము, రాత్రిపాళీ కార్మికునకు కడుపులో మంట పుట్టినచో వేళతప్పిన తిండి, మిరపకారము, దిగులు కారణములని లోకము తలచెడిది. వైద్యగ్రంథములును అంతకంటె భిన్నముగా చెప్పలేదు. ఆమ్లమే శత్రువు, పాలు, క్షారములు మందు, తగ్గనిచో శస్త్రచికిత్స.

మైసూరులో పనిచేసిన శస్త్రవైద్యుడు ఫ్రాంక్ టోవీ 1979లో వేరొక సంగతి చూపెను. వరియన్నము ప్రధానాహారమైన ప్రాంతములలో ఆంత్రమూలపు పుండ్లు హెచ్చు. గోధుమలు, చిరుధాన్యములు తినుచోట్ల తక్కువ. జొన్నరొట్టెనుండి అన్నమునకు మరలిన సీమవారు ఆలోచింపదగిన విషయమే, కాని అసలు కారణము ఆహారము కాదు.

ఆ 1979లోనే ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్ రోగుల జీర్ణాశయపు పొరలో వంకరగానున్న సూక్ష్మజీవులను చూచెను. అంతటి ఆమ్లములో ఏ జీవియు బ్రదుకదని అందరి నమ్మకము! 1981లో బారీ మార్షల్ ఆయనతో చేరెను. ఆ జీవిని పెంచుటకు ఎన్నిమారులు యత్నించినను ఫలితము లేకపోయెను; రెండుదినములు చూచి పళ్ళెములను పారవేయుచుండిరి. 1982 ఈస్టరు సెలవులలో అవి అయిదుదినములు అట్లే యుండిపోయినవి. అప్పుడు జీవులు పెరిగినవి! 1984లో మార్షల్ వాటిని తానే త్రాగి, కొలదిదినములలో జీర్ణాశయపు వాపు తెచ్చుకొనెను. హెలికోబాక్టర్ పైలోరి అను ఈ జీవిని 1994లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ క్యాన్సరు కారకముల మొదటి వర్గమున చేర్చినది. వీరిరువురకు 2005లో నోబెల్ బహుమతి లభించినది.

అయినచో పుండున్న వారందరికిని క్యాన్సరు ముప్పు సమానమా? కాదు. 1996లో స్వీడనులో వెలువడిన పరిశోధనలో, జీర్ణాశయపు పుండు గలవారికి ముప్పు సామాన్యజనులకంటె 1.8 రెట్లు, ఆంత్రమూలపు పుండు గలవారికి 0.6 మాత్రమే. 2001లో జపానులో ఉయెమురా బృందము 1526 మందిని సగటున 7.8 ఏండ్లు పరిశీలించినది. సూక్ష్మజీవి సోకిన 1246 మందిలో 36 మందికి క్యాన్సరు వచ్చినది. సోకని 280 మందిలో ఒక్కరికిని రాలేదు. సోకినవారిలో ఆంత్రమూలపు పుండు గల 275 మందికిని రాలేదు.

ఒకే జీవి రెండు దారులెట్లు పట్టును? అది జీర్ణాశయపు క్రిందిభాగముననే యున్నచో ఆమ్లము హెచ్చి ఆంత్రమూలమును కాల్చును. పైభాగమునకు వ్యాపించినచో ఆమ్లమును స్రవించు కణములే నశించును. పొర పలుచనై, పేగు పొరవలె మారి, కొందరిలో క్యాన్సరు కణములకు దారితీయును. ఇందుకు దశాబ్దములు పట్టును.

భారతదేశమున ఈ జీవి విస్తారముగా నున్నను జీర్ణాశయపు క్యాన్సరు జపాను, కొరియాలకంటె చాల తక్కువ. జీవి తెగలలో భేదము ఒక కారణము కావచ్చును. 2007లో హైదరాబాదు శాస్త్రజ్ఞులు మన దేశపు తెగలకు ఐరోపా తెగలతో బంధుత్వమున్నదని జన్యుపరీక్షలచే తెలిపిరి.

నేడు పరీక్షచే జీవిని గుర్తించి, ఆమ్లమును తగ్గించు మందుతోపాటు సూక్ష్మజీవి నాశకములను సామాన్యముగా రెండువారములు ఇత్తురు. జీర్ణాశయపు పుండునుండి మాత్రము చిన్నముక్క తీసి పరీక్షించి, మానినదో లేదో ఎండోస్కోపుతో మరల చూతురు. ఆంత్రమూలపు పుండునకు సాధారణముగా ఈ అవసరముండదు.