చిల్లగింజ - తేటనీరు

కుండలో నీరు పోయుటకు ముందు దాని లోపలి గరుకుతలమున చిల్లగింజను అరగదీయుట మన పల్లెలలో పాతవాడుక. కొంతసేపటికి బురద అడుగంటి, నీరు తేటపడును. దీనినే ఇండుపగింజ యందురు, సంస్కృతమున కతకము. విషముష్టికి దగ్గరి చుట్టమే అయినను, ఆ విషము దీనిలో లేదు. గింజలోని జిగురుపదార్థము నీటిలో తేలు మట్టిరేణువులను ఒకదానితో నొకటి కూర్చి, బరువెక్కించి, క్రిందికి దింపును. మునగగింజయు ఇట్టి పనియే చేయును.

కతకము పేరు పలికినంతమాత్రమున నీరు తేటపడదని మనుస్మృతి దృష్టాంతముగా చెప్పినది. సుశ్రుతసంహిత కలకనీటిని తేర్చు ఏడు సాధనములను పేర్కొని, అందు మొదట కతకమునే నిలిపినది. అయితే చెడిన నీటికి ఆ గ్రంథము చెప్పిన చికిత్స వేరు: నిప్పుపై మరగించుట, ఎండలో కాచుట, కాల్చిన ఇనుపగుండును ముంచుట. కలక వేరు, చెడుగు వేరు అని ఆనాటి వైద్యులు గుర్తించిరన్నమాట.

ఇక మన నగరమునకు వత్తము. నాంపల్లి రైలుస్టేషను 1907లో వెలసెను. మరుసటి యేడు, సెప్టెంబరు 28న, మూసీ వరద హైదరాబాదును ముంచెను. విశ్వేశ్వరయ్యగారి సూచనపై నిర్మించిన ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. అవి వరదను ఆపుటయేకాక త్రాగునీటినిచ్చినవి. కొళాయి వచ్చిన యింట బావియు, చిల్లగింజయు మరుగునపడినవి.

బోరుబావులతో భూగర్భజలము మరల మన యిండ్లకు వచ్చినది. నాంపల్లి, అబిడ్స్ పేటల క్రింద నున్నది గ్రానైటు రాయి. నీరు దాని పగుళ్లలో నిలుచును. మురుగుకాలువ కారినచోట నైట్రేటు ఆ పగుళ్లవెంట దిగును. దానికి రంగు లేదు, వాసన లేదు. మితిమీరినచో పసిబిడ్డల నెత్తురు ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవును. చిల్లగింజ దీనిని తొలగింపలేదు. మరగించినచో నీరు ఆవిరియై నైట్రేటు మరింత చిక్కబడును. కొబ్బరిచిప్ప బొగ్గు వాసనలను పట్టును గాని దీనిని విడుచును.

నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు కథయు ఇట్టిదే. చూపునకు తేటయైన ఆ నీరే ఎముకలను వంచినది. నాగపూరు పరిశోధకులు 1970 దశకమున రూపొందించి, ఆ జిల్లా పేరనే పిలిచిన పద్ధతిలో పటికయు సున్నమును కావలసివచ్చినవి.

చిల్లగింజ చేయగల పనిని నేటికిని చక్కగా చేయును. దానిచేత చేయింపరాని పనిని చేయింపబూనుటయే ప్రమాదము. కావున, శ్రోతలారా, బోరునీటిని బిడ్డకు త్రాగించుటకు ముందు పరీక్ష చేయింపుడు. ఆ నీటి దోషమేదో తెలిసిన పిదపనే మందు. తేటనీరెల్ల మంచినీరు కాదు.