చేతికబ్బిన మీటలు

1978లో వర్డ్‌స్టార్ అను వ్రాతసాధనము వెలువడిన నాటికి పెక్కు కంప్యూటరులకు బాణపు మీటలే లేకుండుటచేత, దానిని రచించిన రాబ్ బార్నబీ, కంట్రోల్ మీటతో కలిపి ఇ నొక్కిన పైకిని, ఎక్స్ నొక్కిన క్రిందికిని, ఎస్ నొక్కిన ఎడమకును, డి నొక్కిన కుడికిని గుర్తు కదలునట్లు, ఎడమచేతి వ్రేళ్ల క్రిందనే నాలుగు దిక్కులను అమర్చెను. ఆనాడు కంట్రోల్ మీట ఎ అక్షరమునకు ప్రక్కనే యుండెడిది గనుక, చేయి చోటు కదలకయే పని సాగెడిది. పిమ్మట ఐబీయం వారు తెచ్చిన 101 మీటల పలకలో ఆ స్థానమును క్యాప్స్ లాక్ ఆక్రమింపగా, కంట్రోల్ అడుగు మూలకు చేరెను.

ఇంతలో, జిరాక్స్ వారి పరిశోధనాలయమున టిమ్ మాట్‌తో కూడి కత్తిరించి అతికించు పద్ధతిని తీర్చిదిద్దిన లారీ టెస్లర్ ఆపిల్ సంస్థలో చేరెను. 1983 నాటి లిసా యంత్రమున జెడ్, ఎక్స్, సి, వి మీటలు వరుసగా రద్దు, కత్తిరింపు, నకలు, అతికింపు పనులకు నియుక్తములయ్యెను. ఐబీయం 1987లో ప్రకటించిన నియమావళి యందు అతికించుటకు షిఫ్ట్ ఇన్సర్ట్ విధింపబడినను, 1992లో విండోస్ 3.1 ఆపిల్ బాటనే పట్టెను.

మన పట్టణముల శిక్షణకేంద్రములలో వర్డ్‌స్టార్ నేర్చి, కొలువులో చేరి, సంవత్సరముల తరబడి అదే వ్రాతలో మునిగిన గుమాస్తాకు ఈ మార్పు సామాన్యమైనది కాదు. పంక్తిని తుడిచివేయ నలవాటుపడిన కంట్రోల్ వై, కొత్తదైన మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో రద్దు చేసిన పనినే మరల జరుపును. పంక్తి దిగుటకు నొక్కెడి కంట్రోల్ ఎక్స్, ఎంచుకొన్న భాగమును కత్తిరించి తీసివేయును. వర్డ్‌పర్ఫెక్ట్ అను మరొక వ్రాతసాధనములో సహాయము కొరకు ఎఫ్3 నొక్కినవారికి ఎఫ్1 నేర్వక తప్పదయ్యెను.

ఇట్లు చేతికబ్బిన విద్య ఎవరి సొత్తను ప్రశ్న న్యాయస్థానమునకును ఎక్కినది. లోటస్ 1-2-3 అను లెక్కల పట్టికల సాధనములోని 469 ఆజ్ఞల క్రమమును, ఆ అలవాటు గలవారి సౌకర్యార్థము, బోర్లాండ్ సంస్థ తన క్వాట్రో ప్రోలో యథాతథముగ నిలుపగా, లోటస్ వ్యాజ్యమాడెను. ఆ క్రమము వీడియో యంత్రపు మీటలవలె పని జరుపు పద్ధతియే గాని కాపీహక్కునకు లోబడు రచన కాదని 1995లో అమెరికా అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. మరు సంవత్సరము సుప్రీంకోర్టు నలుగురు, నలుగురుగ చీలుటచే ఆ తీర్పే నిలిచెను. నేర్చినవాని శ్రమను అమ్మినవాడు బందీ చేయరాదు గనుక, అది ధర్మమైన తీర్పని నా దృఢాభిప్రాయము.

కొత్త మీటను నెలకొల్పువారు పాతదానిని తొలగింపనక్కరలేదనుటకు విండోసే సాక్ష్యము: అందు షిఫ్ట్‌తో ఇన్సర్ట్ నొక్కినచో నేటికిని అతికింపు జరుగును.