ముహన్నద్: కోనసముద్రం కొలిమి నుంచి ఇస్ఫహాన్ ఖంజర్ దాకా

మన ఖాందాన్లలో కొందరు కొడుకులకి ముహన్నద్ అని పేరు పెడుతుంటారు. అర్థం అడిగితే 'కత్తి' అని చెప్పి ఊరుకుంటారు. పూర్తి అర్థం 'హింద్ ఫౌలాద్‌తో చేసిన కత్తి'. హింద్ అనే మాట ఆ పేరులోనే ఉంది. హజ్రత్ కాబ్ బిన్ జుహైర్ (రజి.) హుజూర్ (స.అ.స.) ఎదుట వినిపించిన 'బానత్ సుఆద్' ఖసీదాలో హుజూర్‌ని పోల్చింది ముహన్నద్‌తోనే. హుజూర్ తన చాదర్ ఆయనకి ఇచ్చారన్న రివాయత్ కూడా మష్హూర్. అంటే 1400 ఏళ్ల కిందట అరబ్ షాయర్‌కి మేలైన కత్తి అనగానే హిందుస్తాన్ గుర్తొచ్చింది.

ఆ ఫౌలాద్ దక్షిణ హిందుస్తాన్‌లో, లంకలో చాలా చోట్ల తయారయ్యేది. తర్వాతి సదీల్లో ఇరాన్ సౌదాగర్లు వెతుక్కుంటూ వచ్చిన చోట్లలో ఒకటి మన తెలంగాణలోనే ఉంది. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలం, కోనసముద్రం. ఆ ఇలాకా పేరులోనే కమ్మరి ఉన్నాడు, చూశారా!

1820 ప్రాంతంలో హెన్రీ వోయ్‌సీ అనే డాక్టర్ ఈ ఊరు వచ్చాడు. లాంబ్టన్ సర్వే బృందంలో పనిచేసినవాడు, రాళ్లూ ఖనిజాలూ ఎరిగినవాడు. ఆయన రాసింది ఆయన చనిపోయాక 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అక్కడ ఆయనకి ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికి వచ్చిన హాజీ హుసేన్ అనే సౌదాగర్ కలిశాడు. ఆ హాజీ సాబ్ డబ్బులిచ్చి సరుకు ఎత్తుకుపోయే రకం కాదు. కొలిమి దగ్గరే ఉండి ఇనుము తూకం దగ్గరుండి చూసుకునేవాడు, తయారైన ఉక్కు ముద్దల్ని తనే పరీక్షించేవాడు. ఇదే ఉక్కుని ఇరాన్‌లో తయారుచేయాలని అక్కడివాళ్లు ఎంతో కోషిష్ చేసి కుదరక, మళ్లీ మన కమ్మరి వాకిట్లోకే వచ్చేవాళ్లట.

ఆ హునర్ ఏమిటి? రెండు రకాల ఇనుము ముక్కల్ని లెక్క ప్రకారం కలిపి మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, బట్టీలో పేర్చి, తిత్తులతో ఊదుతూ రాత్రీ పగలూ కాల్చేవారు. లోపల ఇనుము బొగ్గుని పీల్చుకుని కరిగేది. తర్వాత మూసని మెల్లగా చల్లారనిచ్చి పగలగొడితే అరచేతిలో పట్టే ఉక్కు ముద్ద వచ్చేది. దానికి మట్టి పూసి గంటల తరబడి మళ్లీ కాల్చి, ఆ కరుకుదనం తగ్గించేవారు. అప్పుడు గాని అది సుత్తి దెబ్బకి లొంగేది కాదు. మనం ఉక్కు అన్నదే అంగ్రేజుల చెవిలో పడి 'వూట్జ్' అయిందని ఎక్కువమంది చెప్పే మాట.

గోల్కొండ కుతుబ్‌షాహీల జమానాలో ఈ సరుకు మచిలీపట్నం బందర్ నుంచి ఓడలెక్కేది. డమాస్కస్ కత్తుల మీద కనిపించే నీటి అలల్లాంటి గీతలు గోల్కొండ ఉక్కుతోనే వస్తాయని ఫ్రెంచి సౌదాగర్ తవెర్నియే 17వ సదీలోనే రాశాడు. ఆ గీతల్నే ఫార్సీలో, ఉర్దూలో 'జౌహర్' అంటారు. మనిషి లోపలి గుణానికీ అదే మాట, కత్తి లోపలి గుణానికీ అదే మాట.

ఉక్కు ముద్ద చేతికొస్తే కత్తి అయిపోయినట్టు కాదు. ఈ ఫౌలాద్‌లో బొగ్గు పాలు ఎక్కువ, నూటికి ఒకటిన్నర వంతు దాకా ఉంటుంది. కొంచెం ఎక్కువ కాలిస్తే సుత్తి కింద పిండిలా విరిగిపోతుంది. అందుకే కారీగర్ రంగు చూసి, ఎర్రగా ఉన్నంతసేపే కొట్టి, మళ్లీ కొలిమిలో పెట్టి, ఓపిగ్గా సాగదీసేవాడు. పదును పెట్టి మెరుగు దిద్దే పని సైఖల్‌గర్‌ది. చివర్లో పుల్లటి మందు పూస్తే జౌహర్ పైకి తేలేది.

అలా తయారైనవే కార్ద్, ఖంజర్, పేష్‌కబ్జ్. కార్ద్ ఒకవైపే అంచున్న నిటారు ఛురీ. పేష్‌కబ్జ్ వెన్ను మందంగా, మొన సన్నగా, ఇనుప జిరాని కూడా దూసుకుపోయేలా ఉంటుంది. దస్తాకి ఏనుగు దంతం, బర్రె కొమ్ము, షీర్‌మాహీ అనే సముద్ర జంతువు దంతం, బాదుషాల ఇళ్లలో అయితే యష్మ్ రాయి. మియాన్‌కి పల్చని రెండు చెక్క బద్దలు కలిపి పైన తోలో మఖ్మలో చుట్టేవాళ్లు. ఏక్ మియాన్ మే దో తల్వారే నహీ రహతీ అని మన పెద్దలు అంటే, పక్కింటి తెలుగాయన ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటాడు. రెండు జబాన్లలో ఒకే సామెత. హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్, జహంగీర్ ఖంజర్లు పిల్లలకి చూపించండి.

మరి ఈ పని ఎందుకు ఆగింది? ఒక్క కారణం చెప్పి చేతులు దులుపుకోలేం. అంగ్రేజుల కార్ఖానా ఉక్కు చౌకగా వచ్చి పడింది. తుపాకీ ముందు తల్వార్ ఖదర్ తగ్గింది. సిపాయిల కొలువులు పోయాయి. ఇరాన్ సౌదాగర్లు రావడం ఆగింది. 1990ల్లో అమెరికాలో జాన్ వెర్హోవెన్ అనే శాస్త్రవేత్త, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి జౌహర్‌ని మళ్లీ రప్పించారు. ఇనుములో వనేడియం లాంటివి రవ్వంత ఉంటేనే ఆ అలలు వస్తాయని, ఆ ఖనిజం దొరకనప్పుడు హునర్ తెలిసినా ఫలితం రాదని వాళ్లు చెప్పారు. తండ్రి చేసినట్టే చేసినా కొడుక్కి జౌహర్ రాకపోతే, తర్వాతి నస్ల్‌కి ఆ పని ఎవరు నేర్పుతారు?

తమాషా ఏమిటంటే, ఇదే ఉక్కు ముక్కల్ని 1790ల్లో బంబయి నుంచి లండన్ రాయల్ సొసైటీకి పంపారు. స్టోడార్ట్ అనే లండన్ ఛురీల కారీగర్ దాన్ని మెచ్చుకున్నాడు. తర్వాత మైకేల్ ఫారడే కూడా దీని మీద పరిశోధన చేశాడు. అంగ్రేజులు రహస్యం కోసం వెతుకుతున్న జమానాలోనే ఇక్కడి బట్టీలు ఒక్కొక్కటే చల్లారిపోయాయి. 2010లో ఇంగ్లండ్ ఎక్సెటర్ యూనివర్సిటీ, బెంగళూరు నియాస్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి మూసల పెంకుల్నీ చిట్టెం కుప్పల్నీ నమోదు చేశారు. పొలం గట్ల మీద పడున్న ఆ నల్ల పెంకులే మన తారీఖ్‌కి గవాహీ.

ఇవాళ ఆన్‌లైన్‌లో డమాస్కస్ ఛురీ అని అమ్మేవి ఎక్కువగా వేరే రకం. రెండు రకాల ఉక్కు పొరల్ని కలిపి కొట్టి, మడిచి, గీతలు తెప్పిస్తారు. అదీ మంచి హునరే, దాని దస్తాకి ఒంటె ఎముకో షీషమ్ చెక్కో ఉండొచ్చు. కానీ మూస ఉక్కు జౌహర్ అది కాదు. బక్రీద్‌కి కొనేటప్పుడు గీతల జిగేలు కన్నా అంచు చూడండి. జబహ్‌కి ముందు ఛురీకి బాగా పదును పెట్టాలని, జానవర్ కళ్లెదుట పెట్టకూడదని హుజూర్ (స.అ.స.) నేర్పిన అదబ్. మన దీన్‌లో ఛురీ విలువ రహమ్‌తో కొలుస్తారు. ముసల్మాన్ చేతిలో కత్తి అనగానే శంకించేవాళ్లకి ఈ మాట నెమ్మదిగా చెప్పాలి.

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) చేతిలో అల్లాహ్ ఇనుముని మెత్తబరిచాడని సూరా సబాలో ఉంది. కోనసముద్రంలో ఉక్కు కరిగించిన చేతులు కమ్మరులవి. మోసుకుపోయినవాడు హాజీ. ఇస్ఫహాన్‌లో దానికి రూపం ఇచ్చినవాళ్లు ముసల్మాన్ కారీగర్లు. ఇందులో ఏ ఒక్కరిని తీసేసినా ఆ ఖంజర్ ఉండదు. మనం ఎక్కడినుంచో వచ్చామని, ఈ మట్టితో మనకి రిష్తా లేదని అనేవాళ్లు ఈ ఉక్కు ఎలా తయారైందో చదవాలి.

మీ ఇంట్లో దాదా కాలం నాటి ఛురీ, కటార్, సరోతా ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. దస్తా దేనితో చేశారు, ఏ ఊరి కారీగర్ చేశాడు, ఇంట్లో దాన్ని ఏ పేరుతో పిలిచేవారు అని బుజుర్గుల్ని అడిగి ఒక కాపీలో రాసిపెట్టండి. వాళ్లు వెళ్లిపోయాక ఆ పేర్లు ఎవరినీ అడగలేం.